హాయిగా ఉందన్న అబద్ధం

ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతూనే గోడకి అంటించి ఉన్న పేరాని అతను గట్టిగా చదివాడు. ఇబ్బంది లేకుండా మాట్లాడగలుగుతున్నారా అని ఆమె వేగం పెంచిన ప్రతిసారిలాగే అడిగింది.

"హాయిగా," అన్నాడు.

ఆమె ఇంకాస్త వేగం పెంచింది.

ఎవరి ఒంట్లో ఎంత సత్తువుందో, ఎంత వేగం ఎవరికి కష్టమో కొలిచి చెప్పడం ఆ ఫిట్‌నెస్ ల్యాబులో ఆమె ఉద్యోగం. గుండె వేగం చూపించే బెల్టు రిపేరుకి వెళ్ళింది కాబట్టి ఆ వారం మాటల టెస్టే దిక్కయింది. మాట సాఫీగా వస్తే వ్యాయామం మితంగా ఉన్నట్టు, మాట తెగితే కఠినమైనట్టు. పరిగెత్తేవాడు నిజం చెబితే అంతకంటే మంచి టెస్టు లేదు.

అతను పగలు టైర్ల షాపులో పనిచేస్తూ ఫైర్ సర్వీసు పరుగు పరీక్షకి తయారవుతున్నాడు. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. ఆమె కొలిచి ఇచ్చిన వేగంతో పట్టుదలగా సాధన చేసి, కొన్నాళ్ళకి కుంటుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు వాచాయి. పరుగు మెరుగవడం మాట అటుంచి ఇంకా మందగించింది.

ఈలోగా బెల్టు తిరిగొచ్చింది. ఆమె దాన్ని అతని ఛాతీకి కట్టి, కాసేపే పరిగెత్తించింది. అతను హాయిగా ఉందన్న వేగం దరిదాపుల్లోకి రాకముందే గుండె అదిరిపోతోంది. ఆమె మెషిన్ ఆపేసింది.

"ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పారు?"

అతను మెషిన్ దిగాడు. "ఆయాసంగా ఉందంటే టెస్టు అయిపోయిందంటారు. అయిపోతే ఇంటికి పంపేస్తారు."

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలో ఎక్కడో కొంచెం సంతోషం కూడా ఉండటంతో కోపం రెట్టింపయింది.

"మీరు అబద్ధం చెబితే నా లెక్కా అబద్ధమే. దాన్ని నమ్ముకుని మోకాళ్ళు పోగొట్టుకునేది మీరు."

వాపు తగ్గాక మళ్ళీ టెస్టు చేసింది. ఈసారి అతను బుద్ధిగా, తొందరగానే చేతులెత్తేశాడు. కొత్త వేగం చూసి మొహం ముడుచుకుని, ఇలా పరిగెడితే తన పెద్దమ్మ కూడా దాటిపోతుందని గొణిగాడు. దాటిపోనివ్వండి అంది ఆమె. అతను గొణుగుతూనే చెప్పినట్టు చేశాడు. వారం వారం వేగం అదే పెరిగింది.

పరీక్ష రోజు ఆమెకి పని మీద మనసు నిలవలేదు. తన లెక్క తప్పుతుందని కాదు భయం. ఓడిపోతే అతను ఈ గది ఛాయలకి కూడా రాడని. అతనంటే ఇష్టమని ఆ పూట ఆమె ఒప్పేసుకుంది. వేరే దారి కనబడలేదు.

సాయంత్రం అతను వచ్చాడు. నెగ్గానని చెప్పి, ఉద్యోగంలో చేరేలోగా ఇంకో టెస్టు చెయ్యమంటూ బూట్ల లేసులు బిగించడం మొదలుపెట్టాడు.

"ఇకమీదట మా సీనియర్ సార్ చేస్తారు," అంది ఆమె.

అతని చేతులు ఆగిపోయాయి. "నా మీద కోపం తగ్గలేదా?"

"కోపం కాదు, రూలు. ఇక్కడ ఎవరి ఇంటివాళ్ళని వాళ్ళు టెస్టు చెయ్యకూడదు."

"నేను మీ ఇంటివాణ్ణి కాదు కదా?"

"ఆదివారం వచ్చి ఆ సంగతి మా నాన్నతో మాట్లాడండి," అని ఆమె బెల్టు తుడిచి సొరుగులో పెట్టింది.