కోళ్ల జాలీ, రెండు విజిళ్లు

“ఈ జాలీ కోళ్లని లోపల ఉంచుతుందండి. కుక్కని మాత్రం బయట ఉంచదు.”

గ్రిల్ షాపు వెల్డర్ ఆ మాట మర్యాదగానే అన్నాడు. అయినా అమ్మడికి ఒళ్లు మండింది. జాలీ చుట్టను చంకలో పెట్టుకుని వీధంతా మోసుకొచ్చింది, పెరట్లో కట్టబోయే కోళ్ల గూటి తలుపుకి ఒక గడియ చేసిపెట్టమని అడగడానికి. తీర్పు చెప్పమని కాదు.

“కోళ్ల జాలీ అని అడిగితేనే ఇచ్చారు.”

“పేరు కోళ్లదేనండి. కుక్క పేరు చదవదు కదా.” అతను జాలీ అంచుని రెండు వేళ్లతో నొక్కాడు. అది కాగితంలా వంగింది. “దీనికి మందపాటి కమ్మీలు అతికిన వెల్డ్‌మెష్ కావాలి. ఇనప ఫ్రేము కావాలి.”

“ఇంతకుముందు కోళ్లకి ఎన్ని చేశారు మీరు?”

“ఒక్కటీ లేదండి. అన్నీ కిటికీలే. కిటికీని ఏ పిల్లీ నోట కరుచుకుపోదు.”

“అంటే మీకూ ఇదే మొదటిసారి.”

“మీకూ, నాకూ, కోళ్లకీ.”

అమ్మడు నవ్వు కనిపించకుండా జాలీ చుట్టను ముఖానికి అడ్డం పెట్టుకుంది. జాలీకి అన్నీ చిల్లులే అన్న సంగతి ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.

అమ్మడు అనేది ఇంట్లో పిలుపు. పక్క వీధి కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. కంటికీ కంటికీ మధ్య దూరం కొలిచే మనిషి కనుక పెరటిని అంగుళం వదలకుండా కొలిచి పెట్టింది. మర్నాడు సన్నటి తుంపరలో పని చూడ్డానికి వచ్చిన వెల్డర్, ఆమె టేపు లాగుతుంటే రెండో కొస పట్టుకుని వెనకాలే నడిచాడు.

“కొలతలమ్మగారూ, గాలిని కూడా కొలుస్తారా?”

“అవసరమైతే మాటల్ని కూడా కొలుస్తాను.”

అతను టేపు కొస నేలకి ఆనించి, మట్టిని కాలితో తట్టి చూశాడు.

“కుక్క ఎప్పుడూ జాలీ మొదట్లోనే తవ్వుతుందండి. అందుకని చుట్టూ నేల మీద కూడా బయటికి మెష్ పరిచి, ఇటుకలు పెడదాం. ఎక్కడ తవ్వినా గోళ్లకి మెష్షే తగులుతుంది.”

“గౌనుకి అంచు కుట్టినట్టు.”

“మీరంటే అందంగా ఉంది. నాకు కుక్కే కనిపిస్తోంది.” అతను పైకి చూపించాడు. “పైన కూడా మూసేద్దాం. తలుపుకి రెండు గడియలు. మొదటిది మర్చిపోయిన రోజు రెండోది ఉంటుంది.”

ఇంతసేపూ ముందు గదిలో ఒక కుర్చీ వీధి కిటికీ వైపు తిరిగి ఉంది. దాంట్లో కూర్చున్న మనిషి ఒక్కసారీ పెరటి వైపు రాలేదు.

“నాన్నగారు ఇటు రారా?” అని వెల్డర్ అడిగాడు.

“రారు.”

అంతటితో ఆపుదామనుకుంది. కానీ అతను తొందరపెట్టకుండా టేపు చుట్టుకుంటున్నాడు. అందుకని చెప్పింది. నాన్న బస్సు కండక్టరు. రిటైరయ్యాక పెరట్లో కోళ్లు పెంచుదాం, మీకు అరవడానికి ఎవరో ఒకరు ఉంటారు అని అమ్మ ఆయనతో అంటుండేది. ఆయన రిటైరయ్యేలోపే అమ్మ పోయింది. అప్పటినుంచీ ఆయన పెరటి తలుపు తీయలేదు.

“కోళ్లొస్తే వస్తారేమోనని,” అంది అమ్మడు.

అతను అయ్యో అనలేదు. పెరటిని మళ్లీ ఒకసారి చూసి, “అయితే లోపల ఒక కుర్చీ పట్టే చోటు వదులుదాం. ఫ్రేము కొంచెం వెడల్పు చేస్తాను,” అన్నాడు.

ఆ రాత్రి అమ్మడికి ఆ కుర్చీ మాటే చెవిలో ఉంది. మాట కాదు, అన్న గొంతు.

ఆదివారం ట్రాలీ మీద ఫ్రేము వచ్చింది. బుట్టలో పెట్టలు అప్పటికే వరండాలో గునుస్తున్నాయి. వెల్డరూ ట్రాలీ డ్రైవరూ చెరో కొస పట్టుకుని ఇంటి పక్క సందులోకి తోశారు. నాలుగడుగులు పోయి ఫ్రేము గోడకీ గోడకీ మధ్య బిగుసుకుంది.

“నా కొలతలు తప్పవే,” అంది అమ్మడు.

“పెరడు కొలిచారు. సందు కొలిచారా?”

“మీరు కొలిచారా?”

“కిటికీల మనిషినండి నేను. షాపులోనే మొత్తం అతికించేయడం అలవాటు. కిటికీకి సందులో పనుండదు.”

ఇద్దరూ తలలు దించుకుని ఫ్రేము వైపు చూశారు. వెల్డర్ నెమ్మదిగా అన్నాడు. “కుర్చీ చోటు కోసేసి, మళ్లీ అతికితే పడుతుంది.”

“అది కోయొద్దు.” ఆమె ఫ్రేము మీద చెయ్యి వేసింది. “ఇంకోసారి చూద్దాం. ఎడమకి తిప్పండి. అటు కాదు, నా ఎడమకి.”

“నాకది కుడండీ.”

“అయితే మీ కుడికి.”

“డ్రైవరుగారికి అదే ఎడమ.”

అప్పుడు వినిపించింది విజిల్. ఒక్కటే, గట్టిగా. ముగ్గురూ బిగుసుకుపోయారు.

ఫ్రేముకి అవతల, సందులోకి తెరుచుకునే పక్క గుమ్మంలో నాన్న. బనీను మీదే ఉన్నాడు. నోట్లో ఉద్యోగం నాటి విజిల్.

“ఎవరి ఎడమ? బండికి ఒకటే ఎడమ ఉంటుంది,” అన్నాడు. “బండి మొహం ఎటుందో ముందు తేల్చుకోండి. ఒక విజిల్‌కి ఆగాలి. రెండంటే పోనివ్వాలి. దాన్ని పక్కకి ఒరగబెట్టు, అబ్బాయ్. ఇంకొంచెం.”

రెండు విజిళ్లు. ఫ్రేము కదిలింది.

“రానీ, రానీ. కుళాయి ఉంది, ఎత్తు.” ఒక విజిల్. “అమ్మడూ, నువ్వు పక్కకి జరుగు, బండి కింద పడతావు. ఊఁ, రానీ.”

ఆయన వాళ్లకి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ, సందంతా దాటాడు. ఫ్రేము నేల మీద ఆనాక చుట్టూ చూశాడు. పెరట్లో ఉన్నానని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

“ఈ మూలే అంది మీ అమ్మ,” అన్నాడు నాన్న. తరవాత వరండా వైపు చెయ్యి చూపించి, “ఆ బుట్ట తే,” అన్నాడు.

ఆ మర్నాడు గడియ చూడ్డానికి వెల్డర్ వచ్చాడు. దాని మర్నాడూ వచ్చాడు. గడియ మీద ఇంత శ్రద్ధ ఉన్న వెల్డర్‌ని ఆ వీధి అంతకుముందు చూడలేదు.

ఒక సాయంత్రం మళ్లీ తుంపర పట్టింది. నాన్న జాలీ లోపల, రేకు కింద తన కుర్చీలో కూర్చుని, కాళ్ల దగ్గర తిరిగే పెట్టల్ని “జరగండి, జరగండి, లోపల ఖాళీ ఉంది” అని అదిలిస్తున్నాడు. వెల్డర్ తలుపు దగ్గర ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి గడియ తడుముతున్నాడు.

“ఎంతసేపు ఫుట్‌బోర్డు మీద నిలబడతావు అబ్బాయ్?” అన్నాడు నాన్న, అతని వైపు చూడకుండానే.

వెల్డర్ చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు పట్టుకుని నిలబడ్డ అమ్మడి దగ్గరికి వచ్చాడు.

“గడియకి ఏం కాలేదండి.”

“తెలుసు.”

“మొదటినుంచీ ఏం కాలేదు.”

“అదీ తెలుసు.”

“మరి నేను రోజూ ఎందుకు...” అక్కడ అతని మాట సందులో ఫ్రేములా ఇరుక్కుపోయింది. ఎటు తిప్పాలో అమ్మడు చెప్పగలదు. చెప్పలేదు.

జాలీ లోపలినుంచి రెండు విజిళ్లు వినిపించాయి.

“మీ కోసం వస్తున్నానండి,” అన్నాడు వెల్డర్.

అమ్మడు అతని భుజం తడుస్తుంటే చూసింది.

“కొంచెం ఎడమకి రండి. గొడుగులోకి.”

“ఎవరి ఎడమకి?”

“బండికి ఒకటే ఎడమ ఉంటుందట,” అంది.