తుడవకూడని పలకలు

"ఎవరు తుడిచినారు వీటిని?"

ప్రార్థనకూ బడికీ ఒకటే అయిన గుడిపాకలో ఆ గొంతు ఖంగుమంది. పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్న కొత్త పంతులు సుందరరాజు తలెత్తి చూశాడు. గడపలో ఎలీషబా, చెంగు నడుముకు బిగించి, చేతిలో కొడవలితో నిలబడి ఉంది.

"నేనే. గీతలతో నిండి ఉంటే తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచాను," అన్నాడు కాస్త గర్వంగానే. మిషన్ బడికని ఒంగోలు నుంచి ఆ పొద్దున్నే దిగినవాడు. తొలిరోజే మెప్పు దొరికిందనుకున్నాడు పాపం.

"అవి బడి పలకలు కావు పంతులుగారూ. మా విన్నపాలు!"

ఆ పాలెంలో బుధవారం ప్రార్థన కూటం అంటే పది ఇళ్లవాళ్లు. మార్కాపురం గనుల దగ్గర పారేసిన పలక ముక్కలు ఏరుకొచ్చి, ఒక్కొక్కరి విన్నపం ఒక్కో పలక మీద రాసి గుడిపాకలోనే పెట్టుకుంటారు. బుధవారం నాడు వాటిని కలిపి పంచుతారు. ఎవరి చేతికి ఏది వస్తే వాళ్లు దాని కోసం అందరికీ వినబడేలా ప్రార్థన చేయాలి. జవాబు వచ్చిన నాడే పలక తుడవాలి. అంతకుముందు తుడిస్తే దేవుడికి 'ఇంక వద్దులే' అని చెప్పినట్టు.

ముగ్గురు ఆడవాళ్లతో ఈ కూటం మొదలుపెట్టింది ఎలీషబానే. అందరికీ రాసేదీ చదివేదీ ఆమే. పదో పలక ఆమె సొంతం. నాయన యాకోబు గిద్దలూరు రైలుస్టేషన్లో పనిచేసే పిల్లవాణ్ణి చూసి వచ్చి, జొన్నలు ఇంటికి రాగానే మాట ఇచ్చేస్తానంటున్నాడు. 'ఈ కూటం విడిచి పోయే గతి పట్టనీయకు ప్రభువా' అని రాసుకుంది. ఇప్పుడు అదీ పోయింది.

"ఇంటింటికీ పోయి అడిగి, మళ్లా రాయండి," అంది.

"నేనా? ఊరికి పంతుల్ని!"

"తుడిచిన చెయ్యే రాయాల. నడవండి."

నడిచాడు. పలకలు మోస్తూ ఆయన వెనక, దారి చూపిస్తూ ఆమె ముందు.

పోలమ్మవ్వ అడక్కముందే గట్టిగా చెప్పింది. "నా కోడలు నాతో మాట్లాడాలని రాపిచ్చినా!" పొయ్యి దగ్గర కోడలు గిర్రున తిరిగింది. "మాట్లాడంది నువ్వా నేనా?" ఏడాది తర్వాత అత్తాకోడళ్లు మాట్లాడుకున్నారు, పోట్లాటైతేనేం.

"ఈ పలక రాయనా, తుడిచెయ్యనా?" అన్నాడు సుందరరాజు గుసగుసగా. ఎలీషబా నవ్వు ఆపుకోలేకపోయింది. కోపంగా ఉండాలని గుడిపాక దగ్గర గట్టిగా అనుకుని బయల్దేరింది మరి.

కరుణమ్మత్తకు ఏం అడిగిందో గుర్తే లేదు. "గుర్తు లేదంటే జరిగిపోయిందేమో నాయనా," అని తేల్చేసి, వేరుశనక్కాయలు పెట్టింది. ఎలీషబా నీళ్లకని పక్కకు పోగానే గొంతు తగ్గించింది. "ఆ పిల్లను గిద్దలూరికి ఇస్తారంట. కూటం వదిలి పోనని ఏడుస్తాండాది. అది పోతే మా పలకలు చదివేదెవరు?"

తొమ్మిదో ఇల్లు దాటేసరికి వాన అందుకుంది. సుందరరాజు చొక్కా విప్పి పలకలకు చుట్టి, గుండెలకు హత్తుకుని పరుగెత్తాడు. గుడిపాక చూరు కింద చేరాక చూస్తే, మనిషి నిలువునా తడిశాడు, పలకల మీద అక్షరం చెరగలేదు. ఎలీషబాకు ఆ క్షణాన అతని మీద ప్రేమ కలిగింది. అది ఆమెకు స్పష్టంగానే తెలిసింది.

"పదోది ఎవరిది?" అన్నాడు రొప్పుతూ.

"నాది. చెప్పను. ఖాళీగానే ఉండనీండి."

"ఖాళీ పలకకు ప్రార్థన ఎలా చేస్తారు?"

"దేవునికి చదువు వచ్చులే."

ఆ తర్వాత ప్రతి బుధవారం సుందరరాజు కూటానికి వచ్చాడు. జొన్నలు ఇంటికి వచ్చాయి. తెల్లారితే యాకోబు గిద్దలూరు ప్రయాణం. ఆ బుధవారం సాయంత్రం పలకలు పంచితే పదకొండు తేలాయి. కొత్తగా చేరిన ఆ పదకొండోది, కూటంలో కూర్చున్న యాకోబు చేతికి వచ్చింది.

"ఏముందో చదువమ్మా," అని కూతురికి ఇచ్చాడు.

ఆమె పైకి ఒక మాట చదివి, మిగతాది చూసి ఆగిపోయింది.

"చదువు. విన్నపం దాచగూడదని మాకు నేర్పింది నువ్వే గదా."

ఎలీషబా నిటారుగా కూర్చుంది. "'నేను ఈ పాలెంలోనే ఉండిపోవాలి. ఎలీషబా ఒప్పుకుంటే, యాకోబుగారు దీవిస్తే, ఆమెను పెళ్లి చేసుకొని. సుందరరాజు.'"

యాకోబు పలకను మళ్లా తన చేతిలోకి తీసుకున్నాడు. "నా చేతికి వచ్చినాక నేనే ప్రార్థన చేయాల. రేపు గిద్దలూరికి పోవాల్సినోణ్ణి! నువ్వేమంటావు?"

"పోవద్దు నాయనా. ఈ కూటం విడిచి నేను యాడికీ పోను. ఈయనంటే నాకు ఇష్టం."

యాకోబు పంతులు వైపు తిరిగాడు. "ఆర్నెల్లకు ఒంగోలు పారిపోవు గదా?"

"పోను మామా!"

పిలుపు తొందరపడింది. కరుణమ్మత్త పకపకా నవ్వింది. యాకోబు కూడా మీసాల్లో నవ్వుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన ప్రార్థన ముగించగానే అందరికంటే పెద్దగా ఆమేన్ అన్నది సుందరరాజే.

ఎలీషబా తడిగుడ్డ తెచ్చి, ఆ పదకొండో పలకను అందరి ముందూ తుడిచింది.

కూటం ముగిసి జనం లేస్తుంటే సుందరరాజు మెల్లగా దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడైనా చెప్పు. నీ పలక మీద ఏం రాసుకున్నావు? అదెప్పుడు తుడుస్తావు?"

"ఇంకేం తుడిచేది?" అంది ఎలీషబా. "నాది మీరు వచ్చిన రోజే తుడిచేసినారు గదా."