పొగిల్లు వెనక ఒక్కరోజు

సింగపూరులో ఆంగ్ మో కియో ఫ్యాక్టరీలు దాటి ఇంకాస్త లోపలికి పోతే, ఇనుప కంచె వేసిన ఖాళీ నేల ఒకటి ఉండేది. ఒకప్పుడు రబ్బరు తోట. చెట్లు పోయాయి, కూలీల లైను ఇళ్ళు పోయాయి. రబ్బరు షీట్లకు పొగబెట్టే ఇటుకల ఇల్లు మాత్రం కప్పు లేకుండా మిగిలింది. పాతకాలం తెలుగువాళ్ళు దాన్ని పొగిల్లు అనేవారు.

పొద్దుగూకాక ఆ కంచె పక్కన ఎవరూ ఆగరు. టాక్సీ ఆపమంటే డ్రైవరు విననట్టే పోనిస్తాడు. గడ్డి కోసే కూలీలు అయిదు కొట్టేసరికి సామాను సర్దుకుని లారీ ఎక్కేస్తారు. ఏముందయ్యా అక్కడ అంటే ఒక్కరూ సరిగ్గా చెప్పరు. ఏదో అడుగుతుంది అంటారు... ఏం అడుగుతుందో ఎవరికీ తెలియదు.

అలాంటి చోటికి కావాలని, కాగితాలు పెట్టుకుని, అయిదు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి మరీ వెళ్ళాడు సీతారామారావు. ఇది 1999లో మాట.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా బెంగపడ్డ రోజులవి. పాత ప్రోగ్రాములు తెలిసినవాళ్ళకి ఎక్కడలేని గిరాకీ. ఆయన భార్య కమలాదేవికి నలభై ఆరో ఏట చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగం వచ్చింది. గూడూరు అభ్రకం గనిలో సర్వేయరుగా చేసిన ఆయన, గని మూతపడితే, ఆమె ఉద్యోగపు పాసు మీద భర్తగా వెంట వచ్చాడు. పొద్దున ఆమెకి టిఫిన్ డబ్బా సర్ది ఇచ్చాక ఆ ఫ్లాట్లో ఆయనకిక పనేం లేదు. గోడలు చూడలేక, సుంగై రోడ్డు పాత సామాన్ల బజారులో ఒక మెటల్ డిటెక్టరు కొన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పళ్ళెంలాంటి దాని తలని నేలమీద ఆడిస్తూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట కూత వినిపిస్తుంది. నేలకింద ఏముందో వెతకడం తప్ప ఆయనకి వేరే విద్య రాదు మరి.

సెరంగూన్ రోడ్డు కూరల మార్కెట్లో ఆయన తెలుగు విని పలకరించింది రత్తమ్మ. అరవై అయిదేళ్ళ మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి తోట పనికి వచ్చిన కూలీల బిడ్డ. ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఆంగ్ మో కియోలో ఒక్కతే ఉంటోంది. నాలుగైదు సార్లు మాట కలిశాక, ఆయన దగ్గరున్న మిషను సంగతి విని, చెయ్యి పట్టుకుంది.

“పొగిల్లు ఎనకాల మా యప్ప ఎండి కడియాలున్నాయి బాబూ. జపానోళ్ళ కాలం నాటివి. ఒచ్చే ఏడు అక్కడ కంప్యూటరు ఆఫీసులు కడతారంట. అప్పుడింక దొరకవు. తీసి పెడతావా?”

“మీ అక్కగారు ఏమయ్యారమ్మా?”

“పోయింది,” అంది రత్తమ్మ. అంతే.

అది సర్కారు నేల. పైగా పాత చరిత్ర ఉన్న చోటని రికార్డులో ఎక్కింది. అనుమతి లేకుండా గడ్డపార సంగతి అలా ఉంచి, చెంచా దింపినా తప్పే. మొదటి అర్జీ కారణం చాలదని తిరిగొచ్చింది. రెండోసారి, ఆ తోటలో బతికినవాళ్ళ సంతకం కావాలన్నారు. రత్తమ్మ వేలిముద్ర వేసింది. మూడోసారి, యుద్ధం నాటి బాంబులు ఉంటాయేమో, సైన్యం వాళ్ళ దగ్గర అభ్యంతరం లేదని రాయించుకు రమ్మన్నారు. తిరిగి తిరిగి చెప్పులు అరిగిన మనిషిని చూసి కౌంటరులో అమ్మాయికే జాలేసింది.

“అంకుల్, వద్దు... ఆ ప్లేస్ డర్టీ,” అంది గొంతు బాగా తగ్గించి.

సింగపూరులో ఆ మాటకి చెత్త అని అర్థం కాదు, దయ్యం ఉందని.

అర్జీలో ఒక ప్రశ్న ఉంది – ఈ నేలలో మనుషుల్ని పాతినట్టు మీకు తెలుసా? సీతారామారావు పెన్ను ఆపి రత్తమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, “నేదని రాయి,” అంది. లేదని రాశాడు.

“ఏమండీ, మీరు నా పాసు మీద ఉన్నారు,” అంది కమలాదేవి ఆ రాత్రి. “అందులో ఏ అబద్ధమైనా పడితే ఇద్దరినీ విమానం ఎక్కిస్తారు.”

“అబద్ధమేముంది కమలా? రెండు కడియాలు. అంతేగా!”

సెప్టెంబరులో అనుమతి వచ్చింది. ఒక్కటే రోజు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా. చేతి తాపీతో జానెడు లోతు, అంతకు మించి తవ్వకూడదు. పాతది ఏది బయటపడినా ఆపేసి కబురు చెయ్యాలి.

గేటు దగ్గర ముసలి మలయ్ వాచ్‌మన్ కాగితం రెండుసార్లు చదివాడు. “ఏడింటికి తాళం వేస్తాను,” అన్నాడు. కాగితం తిరిగిచ్చి, “లోపల ఎవరైనా పిలిస్తే... పలకొద్దు,” అన్నాడు.

పదింటికల్లా ఆకాశం నల్లబడింది. వాన! ఒకటే వాన. పొగిల్లు మొండిగోడకి ఆనుకుని, మిషను మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి, సాయంత్రం అయిదు దాకా తడుస్తూ నిలబడ్డాడు. చేతికొచ్చిన ఒక్కరోజు అలా కారిపోయింది. వాన వెలిశాక బురదలో మొదలుపెట్టాడు – మేకులు, డబ్బా మూతలు, తుప్పు పట్టిన కొడవలి.

ఆరున్నర... ఆరూ ముప్పావు...

పొగిల్లు వెనక మూల, రెల్లుగడ్డి మధ్య – కూత! మేకుల కూత కాదు. సన్నగా, నిలకడగా. వెండి.

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. టార్చి నోట కరుచుకుని తాపీతో మట్టి తీశాడు. జానెడు అయింది. ఏమీ లేదు. మిషను దగ్గరపెడితే కూత ఇంకా గట్టిగా వస్తోంది. చీకటి కమ్ముకుంది. జానెడు అని రాసి ఉంది కాగితంలో... ఇంకొక్క నాలుగు వేళ్ళు తవ్వితే ఎవరు చూడొచ్చారు?

తాపీ దింపాడు. ఠక్కుమని చెక్కకి తగిలింది.

కూత ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లలో ఊపిరి చప్పుడు. తర్వాత – చాలా మెల్లగా – ఆడపిల్ల గొంతు.

“ఎల్లిపోనారా?”

హెడ్‌ఫోన్లు లాగేశాడు. కీచురాళ్ళ రొద తప్ప ఏమీ లేదు. రేడియో ఏదో పట్టి ఉంటుంది అనుకున్నాడు. కానీ సింగపూరులో ఏ రేడియోలో వస్తుంది తెలుగు? అదీ శ్రీకాకుళం తెలుగు? మళ్ళీ ఒక్క చెవికి ఆనించుకున్నాడు.

“ఆలు... ఎల్లిపోనారా?”

ఊపిరి బిగబట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగినట్టుంది. పైన ఎవరో వింటారేమో అన్న భయం ఆ గొంతులో ఉంది.

మిషను అక్కడే పడేసి పరిగెత్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొచ్చాడు. తాళం వేసి, నీళ్ళ సీసా చేతికిచ్చాడు.

ఒంటినిండా బురదతో తిన్నగా రత్తమ్మ ఫ్లాటుకి వెళ్ళాడు. తలుపు తీసి ఆయన ముఖం చూసి, ఆమె కింద కూర్చుండిపోయింది.

“మాటాడిందా?”

ఆయన తలూపాడు. “వాళ్ళు వెళ్ళిపోయారా అని అడిగింది. ఎవరమ్మా? ఎవరు వెళ్ళిపోవాలి?”

రత్తమ్మ చెయ్యి చాపి తలుపు మూసింది.

“దాని పేరు సింహాసలం. పదారేళ్ళు. జపానోళ్ళు ఆడపిల్లల్ని లాక్కుపోతన్నారని అయ్య గొయ్యి తీసి, దాన్ని కూకోబెట్టి, మీద బల్ల ఏసి ఆకులు కప్పినాడు. ‘రత్తి ఒచ్చి పిలిస్తేనే రా. ఇంకెవులు పిలిసినా కదలకు’ అని సెప్పినాడు. లారీ ఒచ్చింది. అయ్యనీ అమ్మనీ ఎక్కించుకుపోనారు. నాకు ఎనిమిదేళ్ళు. సెట్టు ఎనకాల నక్కి సూసినాను. లారీ ఎల్లిపోయింది. నానెల్లి పిలవాల...”

“పిలవలేదా?”

“బయమేసింది బాబూ. రోడ్డంట పరిగెత్తీసినాను. ఆ రాత్రి పెద్ద వాన. మట్టంతా కూలిపోయుంటాది. అది కదిలుండదు. మాటంటే మాటే దానికి.”

ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు. తెల్లారుతూనే, మిషను లోపల ఉండిపోయిందని చెప్పి వాచ్‌మన్‌ని బతిమాలారు. ముసలామెని చూసి అతను గేటు తీశాడు. పొగిల్లు వెనక తడిమట్టిలో రత్తమ్మ కూర్చుంది. సీతారామారావు ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, మిషను తల గుంత మీద పెట్టాడు.

ఆమె గుంత మీదికి వంగింది. “ఎల్లిపోనారప్పా. యాభై ఏడేళ్ళయింది ఆలెల్లిపోయి. నువ్వింక బయటికి రా.”

విన్నది. ఏదో గొణిగింది. మళ్ళీ విన్నది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఎంత అడిగినా నోరు విప్పలేదు.

ఆ ఉదయమే ఆయన అనుమతి ఇచ్చిన ఆఫీసుకి వెళ్ళి, జానెడు దాటి తవ్విన సంగతీ, అర్జీలో లేదని రాసిన సంగతీ, ఏదీ దాచకుండా చెప్పేశాడు. వాళ్ళు పోలీసుల్ని పిలిచి తవ్వించారు. జానెడుకి నాలుగు వేళ్ళ దిగువన సగం కుళ్ళిన బల్ల. దాని కింద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చున్న ఎముకలు. కాళ్ళకి వెండి కడియాలు. ఇకమీదట ఆయనకి ఏ నేల మీదా అనుమతి ఇవ్వబోమని ఉత్తరం వచ్చింది. పాసు జోలికి మాత్రం పోలేదు. కమలాదేవి తిడుతుందనుకున్నాడు. ఆమె సెలవు పెట్టి మరీ, మండాయి శ్మశానానికి వాళ్ళతో వచ్చింది. చాంగీ తీరాన అస్థికలు కలిపి, ముగ్గురూ టాక్సీలో తిరుగుముఖం పట్టారు.

“అమ్మా,” అన్నాడు సీతారామారావు మెల్లగా. “ఆ పొద్దున మీ అక్క ఏమంది?”

రత్తమ్మ అద్దంలోంచి బయటికి చూస్తూనే చెప్పింది.

“‘నువ్వెవులివి మామ్మా?’ అంది. నానేనప్పా, రత్తిని అన్నాను. ‘అబద్దం,’ అంది. ‘మా రత్తి సిన్నపిల్ల. అదొచ్చి పిలిస్తేనే ఒస్తాను’ అంది.”

కమలాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

“ఎముకలొచ్చినాయి బాబూ...” అంది రత్తమ్మ. “అది రానేదు.”