పహారా మళ్లీ అరిచింది

“మామా, చెయ్యి తియ్యి!”

తలుపు తోసుకుని లోపలికి వస్తూనే వెస్లీ అరిచాడు.

గని కంట్రోల్ రూమ్ ఇన్‌చార్జి ఎబినేజర్ వేలు మౌస్ మీదే ఉంది. ఎదురుగా తెర మీద ఎర్రటి పెట్టె. అందులో రెండు బటన్లు. ‘తొలగించు’. ‘నమ్ముతున్నాను’. బాణం గుర్తు రెండో దాని మీద ఆగి ఉంది.

“అల్లుడా, నువ్వా?” ఎబినేజర్ తల తిప్పాడు. “ఊర్లెకు ఎప్పుడొచ్చినవ్? గా మెడల టై ఏంది?”

“చెయ్యి తియ్యుమన్న కదా మామా. టై సంగతి తర్వాత.”

మేనమామ చెయ్యి తీసేవరకూ వెస్లీ కళ్లు మౌస్ మీదే ఉన్నాయి. అప్పుడు మెడలోని ఐడీ కార్డు తిప్పి చూపించాడు. ముందువైపు: పహారా యాంటీవైరస్, సేల్స్ ఎగ్జిక్యూటివ్. వెనకవైపు మూడు సింహాలు, ఒక నంబరు. పేరు లేదు.

ఎబినేజర్ చదివాడు. కార్డు తిప్పి మళ్లీ చదివాడు.

“మీ అవ్వకు ఎరుకేనా గిది?”

“ఎరుకైతే ఉండనిస్తదా? ముందు పరిస్థితి చెప్పు. జల్ది.”

పరిస్థితి చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. రేగుంట ఇంక్లైన్ గనిలో పొద్దుటి నుంచి మూడో సీమ్‌లో, అంటే మూడో బొగ్గు పొరలో, గ్యాస్ పెరుగుతోంది. షిఫ్ట్ మధ్యలోనే అందరినీ పైకి రమ్మన్నారు. మనుషుల్ని లాగే బండి మొరాయించింది. జనం చీకట్లో వాలు వెంట నడిచి వస్తున్నారు. గాలి పంపే పెద్ద ఫ్యాన్ నడుస్తున్నంత సేపూ ఫరవాలేదు. ఇప్పుడు ఆ ఫ్యాన్‌ని నడిపే ప్రోగ్రామ్‌నే పహారా పట్టుకుని ఆపేసింది. ‘ఇది ప్రమాదకరమైన ఫైలు’ అంటోంది.

“ఆపితే?”

“ఫ్యాన్‌కు ఇక్కడి నుంచి సిగ్నల్ పోవాలె. పది నిమిషాలు పోలేదనుకో, అదే బందైతది. కొత్త సిస్టం పెట్టిన సంది గంతే. ఇప్పటికే మూడు నిమిషాలు గడిచినయి. ఒక్కసారి బందైతే గ్యాస్ నిండుకుంటది. మళ్ల షురూ చేసుడు కూడా ప్రమాదమే.”

“లోపల ఎవరెవరున్నరు?”

ఎబినేజర్ కళ్లు దించుకున్నాడు.

వెస్లీకి అర్థమైంది. “మా మొగిలన్ననా?”

“పొద్దటి షిఫ్ట్‌కు పోయిండు.”

బయట ఫ్యాన్ హోరు వినిపిస్తోంది. ఈ కాలనీలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు చెవిన పడదు. ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. వెస్లీకి ఇవాళ అది ప్రతి తిరుగుడూ వినిపిస్తోంది.

వెనక నుంచి హీల్స్ చప్పుడు.

“టైమ్ వేస్ట్ చేస్తున్నాం,” అంది వెస్లీతో వచ్చిన క్యాథరిన్. నల్లని సిల్క్ చొక్కా, చెరగని చిరునవ్వు, చంకలో వెండిరంగు లాప్‌టాప్. ఆర్నెల్ల క్రితం వరకూ ఆమె ‘కోబాల్ట్’ మనిషి. సముద్రం అవతల కూర్చుని కరెంటు గ్రిడ్‌లనూ గనులనూ కూల్చే సాఫ్ట్‌వేర్ వేలం వేసే ముఠా అది. పట్టుబడ్డాక మన వైపు తిరిగిందని ఆమె ఫైల్లో రాసి ఉంది. రాసింది వెస్లీ బాస్ నిరంజన్.

ఇవాళ కోబాల్ట్ ఒక గనిని కొనుగోలుదార్ల కళ్ల ముందు ఆపి చూపించబోతోందని రహస్య సమాచారం; రేగుంటలో గ్యాస్ పెరిగిందని వినగానే వెస్లీ ఇటు పరుగెత్తుకొచ్చాడు. అంతకుముందు పదిరోజులుగా ముఠా జాడ కోసం లక్సెట్టిపేట షాపుల్లో యాంటీవైరస్ అమ్ముతూ తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట: ‘నీ యాంటీవైరస్సే వైరస్ అంట గదా తమ్మీ? పాతగని చెప్పిండు.’

పాతగని. ‘డిజిటల్ అడ్డా’ అనే ఆన్‌లైన్ ఫోరంలో ఒక మారుపేరు. బోథ్ నుంచి సుల్తానాబాద్ దాకా ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఉచితంగా సలహా ఇస్తాడు. ముఖం ఎవరూ చూడలేదు. నమ్మనివాళ్లూ ఎవరూ లేరు.

“మామా, ఇందాక ‘నమ్ముతున్నాను’ ఎందుకు కొట్టబోయినవ్?”

“రోజు కొట్టేదేనాయె! గీ డబ్బా మూడు నెల్ల సంది మొత్తుకుంటనే ఉన్నది. పాతగని ఏం రాసిండో చూడు.” ఎబినేజర్ ఫోన్ తీసి చూపించాడు.

‘అన్నలూ, యాంటీవైరస్ అంటే చేన్ల దిష్టిబొమ్మ లెక్క. పిట్టలు బెదుర్తయి, దొంగలు బెదరరు. అది మొత్తుకుంటే ఫికర్ చెయ్యకుండ్రి. నమ్ముతున్నాను అని కొట్టి మీ పని చూసుకోండ్రి.’

కింద వందల లైకులు. ఒకడెవడో ‘ఒకసారి చెక్ చేసుకుని కొట్టండి’ అని రాస్తే, వాడి మీద పడ్డారు. ‘కంపెనీ నీకెంత ఇచ్చింది?’ ‘పాతగనికే నేర్పుతవా?’ వాడు మళ్లీ కనిపించలేదు.

“ఆయన మన గని మనిషే, అల్లుడా. మనకు అబద్ధం చెప్తడా?”

“చూసినవా ఎప్పుడన్న?”

“చూడాల్నా? మాటలనే తెలుస్తలేదా?”

క్యాథరిన్ అప్పటికే లాప్‌టాప్ తెరిచింది. పహారా పట్టుకున్న ఫైలు కాపీని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని తన స్కానర్‌లో వేసింది. పచ్చని టిక్ వెలిగింది.

“క్లీన్. ఇది అసలైన ఫ్యాన్ ప్రోగ్రామే. పహారాదే ఫాల్స్ అలారం. కోబాల్ట్ ప్లాన్ ఇదే, వెస్లీ. భయపెట్టి మన చేత్తోనే ఫ్యాన్ ప్రోగ్రామ్‌ని తీయిస్తారు. ‘నమ్ముతున్నాను’ నొక్కు. ఒక్క సెకన్లో సిగ్నల్ వెళ్తుంది.”

“తొలగిస్తే?”

ఎబినేజర్ సొరుగులోంచి ఒక సీడీ తీశాడు. “పాత కాపీ ఉన్నది. ఎక్కిస్తే నాలుగు నిమిషాలు. మనకు ఉన్నవి ఆరు. అటు ఇటు అయితే...”

చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది. హైదరాబాద్ నుంచి నిరంజన్. ఏజెన్సీలో వెస్లీ మారుపేరు ‘మైనా’.

“మైనా, రిపోర్ట్.”

వెస్లీ రెండు ముక్కల్లో చెప్పాడు.

“క్యాథరిన్ ఏమంటోంది?”

“ట్రస్ట్ నొక్కమంటోంది సార్.”

“నొక్కు. ఆమె నా మనిషి. ఇది ఆర్డర్.”

తలుపు దగ్గర దీపాల గది మల్లక్క నిలబడింది. గనిలోకి దిగే ప్రతివాడూ ఆమె దగ్గర తలదీపం తీసుకుంటాడు, పైకొచ్చాక ఆమెకే అప్పజెప్తాడు. దీపం రాలేదంటే మనిషి రాలేదని లెక్క. అప్పుడే వచ్చిన ఒక దీపం బ్యాటరీతో సహా ఆమె చేతిలోనే వేలాడుతోంది.

“ఎబినేజర్ సారూ, సగం దీపాలు ఇంక రాలే. పైకొచ్చినోళ్లు గాలి మందమైందంటున్నరు. ఏం చేస్తున్నరు మీరు ఈడ?”

ఎబినేజర్ చెమట తుడుచుకున్నాడు. “అల్లుడా, అందరు ఒకటే మాట చెప్తున్నరు. కొట్టు.”

నిజమే. మామ కొట్టమంటున్నాడు. క్యాథరిన్ కొట్టమంటోంది. బాస్ ఆర్డరే వేశాడు. ఫోరంలో వందలమంది కొట్టమంటున్నారు. వద్దంటున్నది ఒక్క ఎర్రటి పెట్టె.

వెస్లీ బాపు బొగ్గు కోసినవాడు. పని జాగాలోకి పోగానే కట్టెతో పైకప్పు తట్టేవాడు. పని చూసే పై అధికారి ఓవర్‌మ్యాన్ బాగుందని చెప్పినా తట్టేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది, ఊడబోయేది డొల్లగా పలుకుతుంది. ‘వాడు చెప్పిండు వీడు చెప్పిండు అని కింద నిలవడ్తే బండ ఊకుంటదా?’ అనేవాడు.

తట్టి చూడాలి.

వెస్లీ కుర్చీ లాక్కున్నాడు. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక వరుస టైప్ చేశాడు. డాలర్ గుర్తులూ, పెద్దక్షరాలూ, అర్థం లేని గీతలూ.

“ఏం చేస్తున్నావ్?” క్యాథరిన్ గొంతు మారింది.

“షాపులల్ల రోజు చూపెట్టే డెమో. ఇది వైరస్ కాదు, దీంతో ఎవరికీ నష్టం లేదు. కానీ ప్రపంచంలోని యాంటీవైరస్ కంపెనీలన్నీ కూడబలుక్కున్నాయి, ఈ వరుస కనబడితే అరవాలని. యాంటీవైరస్ మేలుకుని ఉందా పడుకుందా చూసుకోవడానికి.”

సేవ్ కొట్టాడు.

పహారా క్షణం కూడా ఆగలేదు. టింగ్‌మని రెండో ఎర్ర పెట్టె. ‘టెస్ట్ ఫైలు గుర్తించాం.’

“ఇది మేలుకునే ఉంది,” అన్నాడు వెస్లీ. చెయ్యి చాచి వెండిరంగు లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. అదే వరుస టైప్ చేశాడు. క్యాథరిన్ స్కానర్‌లో వేశాడు.

పచ్చని టిక్. క్లీన్.

ఎబినేజర్ రెండు తెరల వంకా మార్చి మార్చి చూశాడు.

“అమ్మాయిగారూ, మీ స్కానర్ స్కానరే కాదు,” అన్నాడు వెస్లీ. “ఏది పెట్టినా పచ్చ టిక్ వేసే బొమ్మ.”

క్యాథరిన్ చెయ్యి మెరుపులా మౌస్ మీద పడింది. బాణం ‘నమ్ముతున్నాను’ వైపు జారింది. వెస్లీ మౌస్ వైరు పట్టి ఒక్క గుంజు గుంజాడు. బాణం బటన్ అంచున గడ్డకట్టుకుపోయింది. కీబోర్డు మీద ట్యాబ్, ఎంటర్.

‘తొలగించబడింది.’

“మామా, సీడీ!”

ఎబినేజర్ సీడీ తోశాడు. తెర మీద నీలం గీత పాకడం మొదలుపెట్టింది.

“ఆ సీడీ బయటికి తియ్యి.” క్యాథరిన్ చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. గురి ఎబినేజర్ నుదుటి మీద. “అవతల క్లయింట్లు ఇప్పటిదాకా లైవ్ చూశారు. నువ్వు తీసేసిన ఫైలుతోపాటే వాళ్ల తెర కూడా చీకటైంది. ఫ్యాన్ ఆగిందని నేను చెప్పాలి. ఆగాలి కూడా.”

“సీడీ తియ్యను బిడ్డా,” అన్నాడు ఎబినేజర్. చెయ్యి డ్రైవ్ మీదే అడ్డంగా ఉంది. “కాల్చుకో. కింద నా మేనల్లుడున్నడు.”

ఆమె చూపు ఎబినేజర్ మీద ఉంది. వెనక ఉన్న మల్లక్క మీద లేదు. మల్లక్క చేతిలోని దీపం బ్యాటరీ గాలిలో సగం చుట్టు తిరిగి క్యాథరిన్ మణికట్టు మీద దిగింది. పిస్టల్ బల్ల కిందికి పోయింది.

“గనిల మావోళ్లుంటే గీమె నాటకాలు ఏంది?” అంటూ మల్లక్క ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంది. వెస్లీ టై విప్పి కట్టేశాడు. పదిరోజుల్లో ఆ టై చేసిన మొదటి పని అది.

నీలం గీత ముప్పావు దాటింది. బయట ఫ్యాన్ హోరు సన్నబడింది.

“బందైతుంది...” ఎబినేజర్ గొణిగాడు. “ప్రభువా, బందైతుంది.”

హోరు మూలుగయింది. మూలుగు గుసగుసయింది. మల్లక్క కళ్లు మూసుకుంది. వెస్లీ చూపు గీత మీద నుంచి కదల్లేదు. కొస దాకా పాకింది. ఆగింది. తెర నల్లబడింది.

పచ్చని అక్షరాలు వెలిగాయి. ‘సిగ్నల్ పంపబడింది.’

ఫ్యాన్ ఒకసారి దగ్గింది. రెక్కలు మళ్లీ గాలిని పట్టుకున్నాయి. హోరు లేచి, కిటికీ అద్దాలు ఎప్పటిలా సన్నగా అదరడం మొదలయ్యాయి.

గని లోపలి ఫోన్ మోగింది. ఎబినేజర్ స్పీకర్ నొక్కాడు.

“హలో, మొగిలిని మాట్లాడ్తున్న. ఏంది సారూ, నడుమ గాలి తగ్గె? ఇప్పుడు మంచిగ వస్తుంది. సగం వాలు ఎక్కినం. చాయ్ పెట్టించుండ్రి.”

వెస్లీ నోటి దాకా వచ్చిన ‘అన్నా’ అన్న పిలుపును మింగేశాడు. డ్యూటీ ఇంకా అయిపోలేదు.

“వెస్లీ, నేను చిన్న చేపని,” అంది క్యాథరిన్. చిరునవ్వు ఇంకా చెరగలేదు. “పాతగని నీకు దొరకడు.”

“పాతగని కూడా వీళ్లోడేనా?” ఎబినేజర్ ముఖం పాలిపోయింది. “నేను... ఆయన మాట విని మూడు నెల్ల సంది...”

“నిన్నే కాదు మామా, జిల్లాలకు జిల్లాలను నమ్మించిండు. వైరస్ రాసుడు వాళ్లకు పెద్ద పని కాదు. అరిచే కుక్కను మనతోనే తిట్టించుడే పెద్ద పని.” వెస్లీ ఇయర్‌పీస్ మీద వేలు పెట్టాడు. “ఇప్పుడు ఇంకో బండ తట్టాలె. ఎవరూ నోరు మెదపకండి.”

మల్లక్క అరచేయి క్యాథరిన్ నోటిని మూసింది.

“సార్, మైనా.” వెస్లీ గొంతులో ఏడుపు తెచ్చుకున్నాడు. “ట్రస్ట్ నొక్కాను. ఫ్యాన్ ఆగిపోయింది సార్. లోపల మా అన్న...”

నిరంజన్ గొంతు మెత్తగా వచ్చింది.

“ఐయామ్ సారీ, వెస్లీ. ఎవరికీ ఫోన్ చేయకు. నేను చూసుకుంటాను.”

లైన్ కట్టయింది. వెస్లీ క్యాథరిన్ దగ్గర లాక్కున్న ఫోన్‌ను బల్ల మీద పెట్టి దానివైపే చూస్తూ నిలబడ్డాడు. ఎబినేజర్ చూశాడు. మల్లక్క చూసింది. క్యాథరిన్ మాత్రం చూడలేదు. ఆమె ముఖంలో చిరునవ్వు అప్పుడు పోయింది.

ఫోన్ అదిరింది. తెర మీద ఒక సందేశం. పంపినవాడి పేరు పాతగని.

‘ఫ్యాన్ ఆగింది. క్లయింట్లకు చెప్పేశాను. గోదావరి బ్రిడ్జి దగ్గర కారు ఉంటుంది. వచ్చెయ్.’

ఎబినేజర్ రెండుసార్లు చదివాడు. కిటికీలోంచి ఫ్యాన్ హోరు నిండుగా వినిపిస్తూనే ఉంది.

“ఆగలేదు గదా! ఆగిందని ఎవరికి చెప్పినం మనం?”

“ఒక్కరికే,” అన్నాడు వెస్లీ.

ఇయర్‌పీస్ తీసి బల్ల మీద పడేశాడు. కంట్రోల్ రూమ్ లాండ్‌లైన్ మీద, ఏజెంట్లకు ప్రాణం మీదికొస్తేనే వాడమన్న నంబరు తిప్పాడు. హైదరాబాద్‌లో నిరంజన్ పై అధికారి, ఏజెన్సీ డైరెక్టర్ నర్మద స్వయంగా ఎత్తింది.

“మేడం, రేగుంట గని సేఫ్. క్యాథరిన్ కస్టడీలో ఉంది. పాతగని ఎవరో తెలిసింది.”

“ఎక్కడున్నాడు?”

“మీ పక్క గదిలో. తలుపు వేయించండి.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు, చాలా నెమ్మదిగా: “కాల్ రికార్డవుతోంది. పేరు స్పష్టంగా చెప్పు.”

“నిరంజన్ సార్,” అన్నాడు వెస్లీ. ఏడేళ్ల అలవాటు, నాలుక మీద నుంచి అంత తొందరగా పోలేదు. గొంతు సవరించుకుని, ఈసారి గది దద్దరిల్లేలా చెప్పాడు.

“నిరంజన్.”