తల్లీబిడ్డా క్షేమం

పామర్రు దాటి కాలవ గట్టు మీద రెండు మైళ్ళు పోతే తాళం వేసిన ఆరోగ్య ఉపకేంద్రం ఒకటుంది. పొద్దుగూకాక అవతలి ఒడ్డున ఉన్న ఊరివాళ్ళెవరూ అటు పోరు. రాత్రి ఎనిమిదింటికి ఆ తలుపు ఎవరో కొడతారట... సరిగ్గా నాలుగుసార్లు. నాలుగోది విన్నవాడు ఇంటికొచ్చి మంచం పడతాడని చెప్పుకుంటారు. ఆ తలుపు పగలు కూడా తెరుచుకోదని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

సింధూరి విజయవాడలో తల్లీపిల్లల ఆరోగ్యం మీద పీజీ చదువుతోంది, ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం ఆ ఉపకేంద్రం రిజిస్టరులోంచి నలభైమంది తల్లుల పేర్లు చీటీలేసి తీసింది. విజయవాడలోనే పటమట హాస్టల్లో ఉండి నెలరోజులు బస్సుల్లో, స్కూటీ మీద తిరిగి ముప్ఫై తొమ్మిది ఫారాలు నింపింది. నలభయ్యో పేరు రావమ్మ. రిజిస్టరు ప్రకారం ఆవిడకి నెలనెలా బీపీ చూశారట, ఐరన్ మాత్రలిచ్చారట. ఆఖరి గడిలో 'తల్లీబిడ్డా క్షేమం' అని గుండ్రంగా రాసి ఉంది.

రావమ్మ ఇల్లెక్కడని అడిగితే ఊళ్ళో అందరూ ముఖాలు తిప్పుకున్నారు. చివరికి టీకొట్టు పుల్లయ్య గొంతు తగ్గించాడు.

"ఆవిడ పోయి ఏడాదైందమ్మా... ఆ కేంద్రం అరుగు మీదే. ఆ తలుపు కొట్టేది ఆవిడేనండి."

సింధూరి అక్కడే నిలబడి ప్రాజెక్టు గైడుకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. దత్తాత్రేయ గారు తేలిగ్గా నవ్వారు. "ఒక్క ఫారమే కదమ్మా. రిజిస్టరులో ఉన్నదే ఎక్కించెయ్. రేపు సబ్మిట్ చెయ్యకపోతే ఆర్నెల్లు పోతాయి నీకు."

ఒళ్ళు మండిపోయింది సింధూరికి. పోయిన మనిషిని క్షేమమని రాసిన చేతుల మీద, దాన్నే ఎక్కించమంటున్న సార్ మీద, అలవాటుగా "సరే సార్" అనేసిన తన నోటి మీద కూడా. ఆర్నెల్లు పోతే పోనీ అనుకుని, ఆ తలుపు సంగతేంటో తనే చూద్దామని స్కూటీ తీసి గట్టెక్కింది.

చీకటి. కాలవ నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. స్కూటీ ఆపి, ఫోన్ లైటు వేసుకుని నాలుగడుగులు వేసిందో లేదో —

టక్.

కాళ్ళు ఆగిపోయాయి.

టక్... టక్.

లైటు పైకెత్తింది. తలుపు ముందు తెల్లటి జుట్టు విరబోసుకుని ఎవరో... అరచెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

"ఎ... ఎవరు?"

"సీతమ్మనమ్మా. రావమ్మ అత్తని."

దెయ్యం కాదు, ఏమీ కాదు. రోజూ ఇదే వేళకి వచ్చి కొట్టిపోతుందట.

"ఆ రాత్రి కొట్టినట్టే కొడతా. నర్సు ఇక్కడ ఉండదని మాకేం తెలుసు? నెప్పులు పడుతున్న పిల్లని ఇక్కడికే మోసుకొచ్చాం. ఊరు మర్చిపోతే ఎట్టా? భయపడైనా గుర్తు పెట్టుకుంటారని."

సింధూరి అరుగు మీద కూర్చుని నలభయ్యో ఫారం తీసింది.

"కాన్పప్పుడు పక్కన ఎవరున్నారు మామ్మగారూ?"

"నేనూ... ఆ తాళమూ."

అదే రాసింది.

"బిడ్డ?"

"తల్లితోనే."

అదీ రాసింది. క్షేమమని రాయాల్సిన గడిలో ఇద్దరూ పోయారని, తలుపు తియ్యలేదని రాసి సంతకం పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది.

"ఊళ్ళో నాలుగుసార్లంటున్నారు. మీరు మూడే కొట్టారు కదా?"

సీతమ్మ వచ్చి తలుపుకి వీపు పెట్టి పక్కన కూర్చుంది.

"నేనెప్పుడూ మూడే కొడతానమ్మా. ఆ రాత్రి మూడు కొట్టాక ఇక నాకు చెయ్యి లేవలేదు. నాలుగోది ఆ పిల్లే కొట్టింది... నేల మీద పడుకుని, చెయ్యి చాపి."

ఇద్దరి చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. వెనక, తలుపు అడుగున, నేలకి జానెడు ఎత్తులో...

టక్.

సీతమ్మ కళ్ళు మూసుకుంది. సింధూరి లేచింది. పిడికిలి బిగించి ఐదోసారి తనే కొట్టింది, అవతలి ఒడ్డున ఊరు ఊరంతా ఉలిక్కిపడేలా.