మూరరాయి మర్మం

నీలవాహిని నది ఒడ్డున చిత్రశిల అనే రాజ్యం ఉండేది. ఆ నదిలో పసుపుతోక చేపలు మూరెడు పొడవు దాటి పెరిగేవి. అప్పటి రాజుకు దయగలవాడనిపించుకోవాలని మోజు. రేవులో ఒక మూరరాయి పాతించాడు. దానికన్నా పొట్టి చేపను నీళ్లలో వదిలెయ్యాలి, పొడుగుదాన్నే పట్టుకోవాలి. చిన్నవాటిని బతకనిచ్చామని అందరూ మురిసిపోయారు. కోటలో కూర్చుని దయ చూపిస్తే రేవులో ఎవరి కడుపో మాడుతుంది పిల్లలూ, ఆ సంగతి మీకింకా తెలియదు.

నూరేళ్లు గడిచాయి. చేపలు బెత్తెడు దాటి పెరగడం మానేశాయి. పొట్టి చేపను చట్టం పట్టనివ్వదు. జాలరిపేట గుల్లలు ఏరుకుని బతుకుతోంది. రాజు కీర్తిసేనుడు మాత్రం, "ఇది అడవిలో జలపాతం మీదుండే జలరాక్షసి శాపం. మీ పాపం వల్లే తగిలింది. ఏడాదిలోగా మూరెడు చేప నా ముందుకు రాకపోతే పేట ఖాళీ చెయ్యండి!" అన్నాడు.

జాలరి పోలయ్యకు నూకాలు అనే పదహారేళ్ల కూతురుంది.

"నానెల్తానయ్యా ఆ రాక్షసి కాడికి."

"నీకేటి మతిపోనాదా? సైనికులే ఎల్లి పారొచ్చీసినారు!"

"ఆళ్లకి ఆకలి నేదు. మనకుంది."

నూకాలు అడవిలో మూడు రోజులు నడిచింది. ఒక లోయ అంచున ఉచ్చులో చిక్కిన మగ దుప్పి, పెద్ద కణితి, కనిపించింది. దాని తల నున్నగా ఉంది. ఆమె ఉచ్చు కోసి, "నీ కొమ్ములేవి మావా?" అని అడిగింది.

"కొమ్ములున్నవాళ్లు మీ రాజుగారి గోడల మీద ఉన్నారు. బోడివాళ్లం మిగిలాం. మా పిల్లలూ బోడిగానే పుడుతున్నారు" అంది కణితి. ఆమెను వీపు మీద ఎక్కించుకుని లోయ దాటించింది.

అవతల జలపాతం. నాచుపట్టిన బండ మీంచి నూకాలు మూడుసార్లు జారిపడింది. మోకాళ్లు చిట్లాయి. నాలుగోసారి పైకి చేరింది. అక్కడి మడుగులో తాటిచెట్టంత రాక్షసి కూర్చుని ఉంది.

"శాపం తియ్యి!" అంది నూకాలు, రొప్పుతూనే.

"శాపమా? ఒసే పిల్లా, మీవాళ్లను శపించే తీరిక నాకెక్కడిది?" రాక్షసి దోసిట్లో నీళ్లు పట్టింది. అందులో నూరేళ్లూ కదిలాయి. "చూడు. పెద్దయ్యాక గుడ్లు పెడదామని ఆగిన చేప ముందే మీ బుట్టలో పడింది. బెత్తెడున్నప్పుడే గుడ్లు పెట్టేసిన పొట్టిది బతికింది. దాని పిల్లలు దానిలాగే పుట్టాయి. నూరేళ్లు మీరు అదే పని చేస్తే చేప మారకేం చేస్తుంది?"

నూకాలు మడుగులోకి తొంగిచూసింది. "మరి నీ మడుగులో సేపలు పొడుగ్గానే ఉన్నాయి?" అంది.

"వీటిని ఎవడూ కొలవలేదు. పిల్లల్ని పట్టుకుపో. కానీ ఈ జలపాతం పైకి వల రాకూడదు."

నూకాలు చేపపిల్లలున్న కుండతో తిరిగొచ్చి రెండు గుంటలు తవ్వింది. ఒకదాంట్లో రాక్షసి మడుగు చేపపిల్లలు, రెండోదాంట్లో నది చేపపిల్లలు. రెంటికీ అవే నీళ్లు, అదే తవుడు. పేటవాళ్లు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

గడువు నాడు రాజు వచ్చాడు. మొదటి గుంటలోంచి తీసిన చేప మూరరాయిని దాటింది.

"శాపం తీరింది! పేట మీదే. దీన్ని వంటశాలకు పంపండి" అన్నాడు రాజు.

నూకాలు చేపను గుండెకు హత్తుకుని అడ్డం నిలబడింది. "ఇయ్యను బాబూ. శాపం నేదు, గీపం నేదు. ఆ రెండో గుంట సూడండి. అదే తిండి తిన్నాయి. బెత్తెడుకే కడుపు నిండా గుడ్లు! మీ తాతల నాటి రాయే ఈటిని పొట్టి సేసింది. దీన్నీ తినేస్తే దీని జాతీ అంతే."

సైనికుడు కత్తి దూశాడు. ఆమె కదల్లేదు. రాజు రెండో గుంటలో చెయ్యి పెట్టి తనే ఒక చేపను తీశాడు. బెత్తెడు చేప పొట్టలోంచి గుడ్లు అతని వేళ్ల మీద జారాయి. 

"ఇక రాయిని మించినదాన్ని ముట్టకూడదు. పొట్టివే పట్టుకోండి. జలపాతం పైకి వల పోకూడదు" అన్నాడు. "ఏటి మీద పెత్తనం ఈ పిల్లది. ఇందులో నా మాట కూడా చెల్లదు."

ఆ సాయంత్రమే పేటలో ప్రతి పొయ్యి మీదా చేపల పులుసు ఉడికింది. నూకాలు మాత్రం మొల లోతు నీళ్లలోకి దిగి, అందాకా గుంటలో ఉంచిన మూరెడు చేపను మెల్లగా వదిలింది. పసుపుతోక ఒక్క ఊపు ఊపి లోతుల్లోకి వెళ్లిపోయింది. ఆమె ఏలిన నలభై ఏళ్లలో ఆ పేట ఒక్క పూట కూడా పస్తు పడుకోలేదు.