బండి కదిలేదాకా

దేవీప్రసాద్ డ్యూటీకి బండి తీసే వేళకి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు పెరట్లోకి పోయి నీళ్ళ ట్యాంకు వెనక నిలబడాలి. ఒకరు అతని తల్లి అసిరమ్మ. కొడుకులిద్దరూ నిక్కర్లు తొడుక్కునే వయసులోనే మొగుడు పోయిన మనిషి. రెండోది ఆమె చిన్నకోడలు నీలిమ. నీలిమ భర్త సాయిశంకర్ పోయి మూడేళ్ళయింది. బయల్దేరేవాడికి విధవ ఎదురొస్తే పని చెడుతుందట. కన్నతల్లయినా సరే, చెడుతుందట! గాజువాక సందు చివర బండి మలుపు తిరిగిన చప్పుడు వినిపించాకే వాళ్ళిద్దరూ ఇంట్లోకి రావాలి. ఎదురు రావడానికి పెద్దకోడలు ధనలక్ష్మి ఉంది కదా, నుదుట పావలా కాసంత బొట్టుతో, చేతిలో టిఫిన్ క్యారేజీతో.

ఆ రోజూ అలాగే నిలబడ్డారు. అసిరమ్మ అలవాటుగా గోడవైపు తిరిగి నిలబడింది. నీలిమ ఫోను చూసుకుంటూ నవ్వుకుంటోంది.

"ఏటే ఆ నవ్వు, పొద్దున్నే?"

"టికెట్లన్నీ కన్ఫర్మ్ అయిపోనాయత్తా. రేపే మన కాశీ వోల్ల ప్రయాణం."

"ఓహో! మొగుణ్ణి కాటికి పంపినావు, ఊరోల్లని కాశీకి పంపుతన్నావు. బాగుందే నీ యాపారం!"

నీలిమ నవ్వు ఆగిపోయింది. ఇలాంటి మాటలు ఆ ఇంట్లో కాఫీతో పాటే వస్తాయి. అసిరమ్మ కూడా విధవే కదా, ఆవిడకైనా జాలి ఉండదా అని మీరు అడుగుతారు. ఉండదండీ. దెబ్బలు తిన్న అత్తలకి కొట్టడం బాగా వస్తుంది.

భర్త పోయాక నీలిమ ద్వారకా నగర్‌లో నజీర్ అహ్మద్ గారి ట్రావెల్స్ ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. ఈ మధ్యనే సొంతంగా మొదలుపెట్టింది. బోర్డు లేదు, షాపు లేదు. ముందుగదిలో ఒక కుర్చీ, పాత ల్యాప్‌టాప్, చేతిలో ఫోను, అంతే. మానేసి వెళ్ళేరోజు నజీర్ గారు ఒక్క మాట చెప్పారు.

"బేటీ, టికెట్ ఎవడైనా తీస్తాడు. ఏజెంట్ అన్నోడు బండి కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీద ఉండాలి. ఈ ధందాలో అదొక్కటే అసలు పని. మర్చిపోకు."

వీధి పెద్ద శ్రీరామ్మూర్తి, పక్కింటి గంగాలమ్మ, వాళ్ళ వాళ్ళు కలిసి కాశీ వెళ్తామంటే నీలిమ ఎగిరి గంతేసింది. అదే ఆమె మొదటి గ్రూపు. సత్రంలో గదులు, స్టేషన్లో దింపుకునే మనిషి, మెట్లెక్కలేని వాళ్ళకి కింద బెర్తులు, అన్నీ తనే మాట్లాడింది. చూశారా విచిత్రం! టికెట్ తీయడానికి విధవ చెయ్యి పనికొచ్చింది.

దేవీప్రసాద్ మాత్రం ముందే తేల్చేశాడు. "ఈ ఒక్క ట్రిప్పు సూత్తాను. పరువు తీసినావా, ఆ కంప్యూటర్ మూసీసి ఎలమంచిలి ఎల్లిపో." ఎలమంచిలిలో ఉన్నది నీలిమ తమ్ముడి ఇల్లు. ఆడపడుచు వస్తే గుమ్మంలోనే మంచినీళ్ళిచ్చి, "మళ్ళీ బండెప్పుడు వదినా?" అని అడిగే మరదలు ఉంది అక్కడ. ఈ ట్రిప్పు పోతే తనకి నిలబడే చోటు లేదని నీలిమకి తెలుసు.

మర్నాడు అందరూ సంచులతో వీళ్ళింటికే వచ్చారు. వ్యాను వాకిట్లో ఉంది. దేవీప్రసాద్ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్రావెల్స్ ఓనర్ తనే అయినట్టు సంచులు సర్దిస్తున్నాడు. నీలిమ చెప్పులు చేత్తో పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది. శ్రీరామ్మూర్తి గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"దేవీ, అమ్మాయిని లోపలుండమను. సుభమా అని ఎల్తన్నాం."

"బాబాయ్, నాను స్టేషనుకి రావాలి," అంది నీలిమ. "బండి కదిలేదాకా ఉండాలి. అది నా పని."

దేవీప్రసాద్ పకపకా నవ్వాడు. "నీ మొహం సూసి బండెక్కుతారేటి? ఆ కాయితాలిలా తే. నాను ఎక్కిత్తాను."

"బావగారూ, ఆఖరి నిమిషంలో ఏదైనా మారితే..."

"నువ్వెదురొత్తే అన్నీ మారతాయిలే!" అంది ధనలక్ష్మి, హారతి పళ్ళెం పట్టుకుని. "మా మరిదికెదురెల్లి మార్సినట్టు."

ఒక్కరంటే ఒక్కరు "ఊరుకోమ్మా" అనలేదు. గంగాలమ్మ తల వంచుకుంది. అసిరమ్మ వచ్చి నీలిమ జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయి, వెనకగదిలోకి తోసి, బయట గడియ పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రైల్వే వాళ్ళ మెసేజీ. లైన్ పనుల వల్ల ఆ రోజు బండి విశాఖపట్నం స్టేషనుకి రాదు, దువ్వాడ మీదుగా మళ్ళించారు. మన ఊరి సంగతి తెలుసు కదా, విశాఖ స్టేషన్లోకి వచ్చిన బండి వచ్చినవైపే వెనక్కి తిరిగి పోవాలి. ఆ తిప్పట లేకుండా దువ్వాడలో ఆగి అటునుంచి అటే పోయే బళ్ళు ఉంటాయి. దువ్వాడ గాజువాకకి ఆ పక్కనే. విశాఖ స్టేషను పూర్తిగా ఎదురుదిక్కు. తెలిస్తే పావుగంటలో తేలిపోయే పని.

నీలిమ రెండు చేతులా తలుపు బాదింది.

"అత్తా! తలుపు తియ్యి! వ్యాను ఆపు! బండి ఊల్లోకి రాదు, దువ్వాడ ఎల్లాలి!"

"ఎనక్కి పిలవకే దరిద్రమా!" తలుపుకి అవతల నుంచి అసిరమ్మ అరిచింది. "బయల్దేరినోల్లని ఎనక నుంచి పిలుత్తారేటే! నోర్ముయ్యి!"

బయట కొబ్బరికాయ పగిలింది. వ్యాను కదిలింది.

శ్రీరామ్మూర్తికి ఫోన్ చేస్తే, ఆయన నీలిమ పేరు చూసి ఫోను సంచిలో పడేశాడు. దేవీప్రసాద్ రెండుసార్లు కట్ చేసి మూడోసారి ఎత్తాడు.

"బావగారూ, వ్యాను దువ్వాడ తిప్పండి, మెసేజీ వచ్చింది..."

"ఎలాగోలా ప్లాట్‌ఫామ్ మీదకి రావాలనే కదేటి నీ ఎత్తు? పడుండు ఇంట్లో!" అని ఫోను ఆపేశాడు.

వ్యాను మెయిన్‌రోడ్డు ఎక్కిందని నమ్మకం కుదిరాక అసిరమ్మ గడియ తీసింది. నీలిమ ఆమెని తోసుకుని, చెప్పుల్లేకుండా రోడ్డు మీదకి పరిగెత్తి ఆటో ఎక్కింది. దువ్వాడ చేరేసరికి బండి వస్తోంది. తను కోరి కోరి తీసుకున్న కింద బెర్తులున్న బోగీ కళ్ళముందే ఆగింది. కిటికీలోంచి చూస్తే వాళ్ళ సీట్లన్నీ ఖాళీ. ఆగినంతసేపు ఆగి బండి కదిలిపోయింది. ఏజెంటు మాత్రం బండి కదిలేదాకా ప్లాట్‌ఫామ్ మీదే ఉంది. ఎక్కాల్సినవాళ్ళే లేరు.

బెంచీ మీద కూలబడి భోరున ఏడ్చింది పిచ్చిపిల్ల. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నజీర్ గారికి ఫోన్ చేసింది. ఆయన అంతా విని, "ఏడుపు తర్వాత, బేటీ. ముందు రేపటి బండిలో సీట్లు చూడు. నేనూ ఇక్కడ్నుంచి చూస్తాను," అన్నారు. ఇద్దరూ చెరోచోటా కూర్చుని తత్కాల్‌లో ఎలాగో అందరికీ సీట్లు పట్టారు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో జాతరలా ఉంది. విశాఖ స్టేషన్లో పడిగాపులు పడి, బండి అటు పోయిందని తెలిసి, తిట్టుకుంటూ వెనక్కి వచ్చినవాళ్ళు.

"ఇదిగో వొచ్చింది!" దేవీప్రసాద్ ఒంటికాలి మీద లేచాడు. "బండెక్కడికొత్తాదో తెలీదు, నువ్వు ఏజెంటువా? ఊరందరి ముందూ నా తల తీసీసినావు. సర్దుకో బట్టలు. ఎలమంచిలి బస్సెక్కిత్తాను."

"కాశీ ప్రయాణం ఆగిందంటే ఎంత అపశకునం!" అన్నాడు శ్రీరామ్మూర్తి. "దాని చేత్తో తీసిన టికెట్టు కాదేటి మరి. మాదే బుద్ధి తక్కువ."

"నాను ఫోన్ చేశాను బాబాయ్..."

"ఏ ఫోనూ రాలేదు!" అన్నాడు దేవీప్రసాద్.

"వొచ్చిందిరా."

అందరూ తిరిగి చూశారు. సంచి మీద కూర్చున్న గంగాలమ్మ, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"నీ పక్కనే కూకున్నాను కదరా. దువ్వాడ, దువ్వాడ అని ఆ పిల్ల మొత్తుకోడం నాకినిపించింది. నువ్వే కట్టీసినావు. నాకూ నోరు లేపోయింది, అప్పుడే సెప్పాల్సింది."

దేవీప్రసాద్ మొహం మాడిపోయింది. మొగుడు దొరికిపోతే ఊరుకునే రకమా ధనలక్ష్మి!

"సాల్లే పిన్నీ! ఎవులు కట్టీసినా ఆ మొహం మహిమే అది. మా మరిది పోయిన దినం ఎదురెల్లింది ఇదే కదా!"

నీలిమ మూడేళ్ళుగా మింగిన మాట అది.

"అవునక్కా, నానే ఎదురెల్లాను," అంది చివరికి. "తలారా పోసుకుని, నుదుట బొట్టెట్టుకుని, గాజులేసుకుని ఎదురెల్లాను. ఆ పూట నాను పుణ్యస్త్రీనే కదా? విధవ ఎదురు రాలేదు. అత్తయ్య ట్యాంకు ఎనకే ఉంది. శకునం ఏమీ తప్పలేదు. మరి మద్దేనానికల్లా ఆయన గుండె ఎందుకాగింది? సెప్పక్కా. నువ్వు సెప్పు బాబాయ్. నాకు తెలీక అడుగుతన్నాను!"

ధనలక్ష్మి పొద్దుటి హారతి పళ్ళెం తీసుకుని లోపలికి పోబోయి గుమ్మంలో ఆగిపోయింది.

అసిరమ్మ గోడకి ఆనుకుని మెల్లగా కిందకి జారి కూర్చుంది.

"ఒలే," అంది, ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో. "ఆ దినం ఆడు ఏ సొక్కా ఏసుకున్నాడే?"

నీలిమకి మొదట అర్థం కాలేదు.

"నాను సూడలేదే. బండి సప్పుడే ఇన్నాను. ఆసుపత్రిలో దుప్పటి కప్పీసినారు. ఏ సొక్కా ఏసుకుని ఎల్లినాడో నా బిడ్డ, నాకు తెలీదే!"

"నీలం గళ్ళది," అంది నీలిమ. "నువ్వు ద్వారకా నగర్‌లో కొన్నదే అత్తా. బండెక్కి మళ్ళీ దిగాడు. 'అమ్మేది?' అని అడిగాడు. పెరట్లో ఉందన్నాను. 'అలాగా' అని ఎల్లిపోయాడు."

"అడిగినాడేటే? నాకోసం అడిగినాడేటే?"

అసిరమ్మ రెండు చేతులతో నెత్తి బాదుకుంది. మొగుడు పోయిన రోజు నుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి తెగింది. కొడుకులకి మంచి జరగాలని, వాళ్ళు గడప దాటే ప్రతి పొద్దునా వెళ్ళి గోడని చూసిన తల్లి! ఆఖరికి గోడే మిగిలింది. నీలిమ పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది. పొద్దున తనని గదిలో తోసిన చేతులే అవి.

"నాకు తల్లి బుద్ధి లేపోయిందే. ఆ ట్యాంకు ఎనక నిలబడ్డం నీకూ నేర్పినాను. నీ మొహాన గడియెట్టినాను. తప్పయిపోనాది."

దేవీప్రసాద్ ఎలమంచిలి మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాటి బండికి శ్రీరామ్మూర్తి వాళ్ళు రామన్నారు. గంగాలమ్మా, మిగిలినవాళ్ళూ వెళ్ళారు. నీలిమ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఒక్కొక్కరినీ బెర్తు దాకా చేర్చి దిగింది. అసిరమ్మ కూడా వచ్చింది. అంతసేపూ మెట్ల చాటునే ఉంది. బండి కదలబోతుంటే గంగాలమ్మ కిటికీలోంచి, "అసిరీ, అక్కడేటే? ఇలాగెదురొచ్చి నిలబడు!" అని కేకేసింది. నీలిమ వెళ్ళి అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. బండి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఆ మర్నాటి పొద్దున దేవీప్రసాద్ డ్యూటీకి బండి తీశాడు. చప్పుడు వినగానే నీలిమ కాళ్ళు అలవాటుగా పెరట్లోకి నడిచాయి. ట్యాంకు వెనక ఎవరూ లేరు. కంగారుగా వాకిట్లోకి వచ్చింది.

అసిరమ్మ గేటు మధ్యలో, బండికి అడ్డంగా నిలబడి ఉంది. క్యారేజీ పట్టుకున్న ధనలక్ష్మి, "అత్తా, తప్పుకో! ఏటిది!" అంటూ లబలబలాడుతోంది. ముసలిదానికి వినిపించలేదో, వినదల్చుకోలేదో.

"ఒరే దేవీ, ఆ హెల్మెట్ తియ్యరా. ఓపాలి మొహం సూత్తాను."

దేవీప్రసాద్ పెళ్ళాం వైపు చూశాడు. నీలిమ వైపు చూశాడు, తల దించుకున్నాడు. హెల్మెట్ తీశాడు. తల్లి దగ్గరికొచ్చి అతని చొక్కా కాలరు సరిచేసింది. దాని రంగేమిటో బాగా గుర్తు పెట్టుకోవాలన్నట్టు ఆ చొక్కాని చూసింది, తర్వాత మొహాన్ని చూసింది.

అతనికి తెలివొచ్చాక ఏ పొద్దునా తల్లి మొహం చూసి చెప్పని మాట అతని నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఎల్లొత్తానమ్మా."

"ఎల్లి రా నాయనా," అంది అసిరమ్మ. గేటు పక్కకి జరిగి, బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసింది.